ఇసుక నేలల చిన్న పాములు

ఉద్దానపు నేల ఇసుక నేల. పలాస మొదలుకొని ఇచ్ఛాపురము వరకును, తూర్పున సముద్రతీరము వరకును వ్యాపించియున్న తోటలన్నియు ఆ ఇసుకను నమ్ముకొని పెరుగుచున్నవే. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ, తీరమున సరుగుడు, గట్లమీద మొగలి, ఇవి పైకి కనబడు సంపద. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఈ ఇసుకపైన పెరుగు పంటలను గూర్చి రైతులు మాతో గంటలకొలది ముచ్చటింతురు. దాని లోపల జీవించు పాములను గూర్చి అడిగినపుడు మాత్రము, “పురుగులండి బాబూ, కనబడితే కొట్టేయడమే” అని ఒక్క మాటతో ముగింతురు.

చీకటి పడిన తరువాత మన పల్లెలలో పామును పాము అనరు, పురుగు అందురు. కరచినదనక ముట్టినదందురు. పేరెత్తిన వచ్చునను భయమే దీనికి కారణము. నాగులచవితినాడు పుట్టలో పాలుపోసి మ్రొక్కుదుము. కొలది దినములకే కళ్లములో కనబడిన దానిని కర్రతో కొట్టుదుము. భయమును గలదు, భక్తియు గలదు. గుర్తుపట్టు నేర్పు మాత్రము తక్కువగ నున్నది. ఆ నేర్పు లేనందువలన రైతునకు రెండు విధముల నష్టము కలుగుచున్నది. ఎలుకలను తిని పంటను కాపాడు నిర్విషపు పాము చచ్చుట ఒకటి. దాని పోలికగల విషపు పామును నిర్విషమని తలచి మనుష్యుడు చేయి చాచుట రెండవది. మొదటి నష్టము గింజలతో పోవును. రెండవది ప్రాణముతో పోవును.

కావున ఈ వ్యాసమున ఇసుకలో దాగు మూడు చిన్న పాములను గూర్చియు, వానిని పోలి ప్రాణాంతకమగు వానిని గూర్చియు, కాటు పడినపుడు చేయవలసిన దానిని గూర్చియు వ్రాయుచున్నాము.

పూడుపాము

ఇసుకలో పూడి యుండును గనుక దీనికి పూడుపామను పేరు వచ్చెను. పొట్టిగ, లావుగ నుండును. సాధారణముగ ఒకటిన్నర అడుగు పొడవు. మూడడుగులు దాటుట అరుదు. ఒడలిమీద బూడిద లేక లేత గోధుమ వన్నెపై ముదురు గోధుమ మచ్చలు వంకరటింకరగ ఒకదానితో నొకటి కలిసిపోయి యుండును. తల మెడకంటె వెడల్పుగ నుండదు. మెడ యెక్కడ ముగిసి తల యెక్కడ మొదలయ్యెనో చెప్పుట కష్టము. కన్నులు మిక్కిలి చిన్నవి. తోక పొట్టిగ, మొనదేలి, ముట్టుకొనిన ఆకురాయివలె గరుకుగ నుండును.

ఈ పాము పగలు ఇసుకలోనో, ఎలుక కన్నములోనో, రాలిన ఆకుల క్రిందనో పండుకొని, చీకటి పడిన పిమ్మట ఆహారమునకు వెడలును. తలను పారవలె ఉపయోగించి ఇసుకను త్రోసికొనుచు లోపలికి పోవును. చాలసేపు కన్నులు, ముక్కుపుటములు మాత్రమే పైకుంచి మాటువేసి యుండును. ఎలుకగాని, చుంచుగాని దగ్గరకు రాగానే నోట కరచుకొని, ఒడలితో చుట్టి బిగించి, ఊపిరాడకుండ జేసి మ్రింగును. కన్నము ఇరుకై చుట్టుటకు చోటు లేనిచో కన్నపు గోడకే అదిమిపట్టును. పిల్లితోను, బోనుతోను సాధ్యము కాని పని ఇది. పిల్లి కన్నము ముంగిట కాచుకొనును, పూడుపాము కన్నము లోపలికే పోయి ఎలుకను, దాని పిల్లలను తినును.

పూడుపామునకు విషము లేదు. విషపు కోరలును లేవు. చేతబట్టి వేధించినచో కరచును. చర్మము గీరుకొని నెత్తురు వచ్చును. అంతకు మించి హాని లేదు. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. కొండచిలువకు దూరపు బంధువు. ఈ కుటుంబపు పాములు ఆఫ్రికా ఉత్తరభాగము మొదలు అరేబియా, మధ్య ఆసియా దేశముల ఎడారులవరకును కలవు. అరేబియా ఇసుకలోని ఒక జాతికి కన్నులు ప్రక్కలనుగాక నెత్తిమీదనే యుండును. ఒడలంతయు ఇసుకలో దాచి కన్నులు మాత్రము పైకి తేల్చి చూచుట కది అనుకూలము.

రెండు తలల పాము

ఇది పూడుపామునకు తోబుట్టువు వంటిది. ఎరుపు కలిసిన గోధుమ వన్నెతో, మచ్చలు లేక, నున్నగ మెరయుచుండును. రెండు మూడు అడుగులు పెరుగును. దీని తోక మొనదేలక తలవలెనే మొండిగ నుండుటచే ఏ కొన తలయో ఏ కొన తోకయో తెలియదు. శత్రువు కనబడినపుడు తలను చుట్టల క్రింద దాచి తోకను పైకెత్తి చూపును. దెబ్బ తోకమీద పడిన ప్రాణము దక్కును గదా! ఈ ఉపాయమును చూచియే మనవారు దీనికి రెండు తలలు గలవనిరి. ఆరు నెలలొక తలతోను, ఆరు నెలలు మరియొక తలతోను నడచుననుట కట్టుకథ. పాములాడించువారిలో కొందరు తోకకు కాలిన ఇనుముతో వాతలు పెట్టి కన్నులు, నోరు ఉన్నట్లు కనిపింపజేయుటయు కద్దు.

ఈ పాము ఇంట నున్న ధనము వచ్చుననియు, దాచిన నిధులను చూపుననియు, ఇంత బరువు తూగిన దానికి లక్షలు, కోట్లు ఇచ్చు షావుకార్లు పట్టణములలో గలరనియు మోసగాండ్రు పల్లెలలో పుకార్లు పుట్టింతురు. ముందుగ బయానా యనియు, పరీక్ష ఖర్చు అనియు రైతువద్దనే సొమ్ము గుంజుదురు. పామును పట్టి బస్తాలో కట్టి తిరుగువారిని పోలీసులు, అటవీశాఖవారు పట్టుకొనుట వార్తాపత్రికలలో తరుచు చూచుచున్నదే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పామును పట్టుట, ఉంచుకొనుట, అమ్ముట, చంపుట నేరము. దేశాంతర వ్యాపారమునకు సైతము అంతర్జాతీయ ఒడంబడికచే కట్టుబాటు కలదు. అదృష్టమును తెచ్చునన్న పాము తెచ్చునది పోలీసు కేసు మాత్రమే. ఎలుకలను పట్టి ధాన్యము మిగిల్చుటయే ఈ పాము వలన రైతునకు వచ్చు నిజమైన ధనము. దానికి పామును బస్తాలో కట్టనక్కరలేదు, పొలములో విడిచిన చాలును.

గుడ్డిపాము

కొబ్బరి పాదులు త్రవ్వునపుడు, పేడగుంట తిరుగవేయునపుడు, పూలకుండీ ఎత్తినపుడు నల్లగ మెరయు వానపామువంటి ప్రాణి యొకటి చురుకుగ మెలికలు తిరుగుట చూచియుందురు. అది వానపాము కాదు, నిజమైన పామే. వానపామునకు ఒడలంతయు ఉంగరములవంటి గీతలుండును, తడిగ జిగటగ నుండును. గుడ్డిపామునకు నున్నని పొలుసులుండును, నాలుక బయటికి ఆడించును. పొడవు ఆరు అంగుళముల లోపు. కన్నులు పొలుసుల క్రింద రెండు చుక్కలవలె నుండి వెలుగు చీకట్లను మాత్రము తెలిసికొనును. చెదపురుగులు, చీమలు, వాని గ్రుడ్లు దీని ఆహారము. జీడి మొక్కల వేళ్లకు, కొబ్బరి నారుమళ్లకు చెదపట్టి నష్టపోవు రైతునకు ఇది జీతము కోరని కూలి. నోరు మిక్కిలి చిన్నదగుటచే మనుష్యుని కరవనే లేదు; విషము లేదు.

ఈ చిన్న పామునకు గొప్ప చరిత్ర కలదు. ఇందు మగవి లేవు, అన్నియు ఆడవే. మగదాని ప్రసక్తి లేకయే గ్రుడ్లు పెట్టి సంతానమును పొందును. కావున ఒక్క పాము ఒక్క మొక్క వేరుమట్టిలో దాగి ఓడనెక్కినను క్రొత్త దేశమున వంశము నిలుచును. ఈ విధముగనే ఇది మన దేశమునుండియు, దీని చుట్టుపట్ల ఆసియా దేశములనుండియు మొక్కలతోపాటు బయలుదేరి ఆఫ్రికా, అమెరికా ఖండములకును, పసిఫిక్ సముద్రమందలి హవాయి దీవులకును చేరినది. ఆంగ్లేయులు దీనిని పూలకుండీ పాము అందురు.

శాస్త్రజ్ఞులు మొట్టమొదట దీనిని వర్ణించినది మన విశాఖపట్టణపు పాము నాధారము చేసికొనియే. ఈస్టిండియా కంపెనీవారి కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ నుండిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, ఈ తీరపు పాములను సేకరించి, చిత్రములు వ్రాయించి, వాని విషములను పరీక్షించి 1796లో గొప్ప గ్రంథమును లండనులో ప్రకటించెను. తనకు స్థానికులు చెప్పిన పేర్లను ఆంగ్ల లిపిలో అట్లే ముద్రించెను. అందు ఈ చిన్న పాము పేరు రెండు తలల పామనియే యున్నది. 1803లో దోదాఁ అను ఫ్రెంచి పండితుడు ఆ చిత్రమును బట్టియే దీనికి శాస్త్రీయనామము పెట్టెను. ఒకే పేరు వేరువేరు పాములకు చెల్లుచుండుటను బట్టి, పేరు మాత్రము నమ్మిన చాలదనియు, గుర్తులు చూడవలెననియు తెలిసికొనవలెను.

పోలికలోని అపాయము

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. రసెల్ గ్రంథములో కాటుకరేకుల పొడ అను మరియొక పాము కలదు. దానినే మనము రక్తపింజరి యనియు, పొడపామనియు పిలుతుము. ఆంగ్లభాషలో అది రసెల్ పేరుతోనే ప్రసిద్ధమైనది. లావుగ, గోధుమ వన్నెతో, మచ్చలతో, కదలక పండుకొని యుండు ఈ పాము పూడుపామును మిక్కిలి పోలియుండును. పిల్ల పింజరి, పెద్ద పూడుపాము ప్రక్కప్రక్కన నున్నచో చూడనేర్చినవారు కూడ తడబడుదురు. రాలిన జీడి ఆకుల నడుమ, లాంతరు వెలుగున, సగము ఒడలు కనబడుచుండగ గుర్తించుట మరింత కష్టము. ఈ క్రింది భేదములను రైతులు, ముఖ్యముగ తోటపనికి పోవు స్త్రీలు, పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను.

తల: పింజరి తల ముక్కోణాకారమున వెడల్పుగ నుండి, సన్నని మెడనుండి స్పష్టముగ వేరుపడి కనబడును. పూడుపాము తల మెడతో కలిసిపోవును.

మచ్చలు: పింజరి వీపున మూడు వరుసలుగ, గొలుసు కడియములవలె, అంచులుగట్టిన కోడిగ్రుడ్డు ఆకారపు మచ్చలు క్రమముగ నుండును. పూడుపాము మచ్చలకు క్రమము లేదు.

తోక: పింజరి తోక క్రమముగ సన్నబడును. పూడుపాము తోక హఠాత్తుగ ముగిసినట్లు పొట్టిగ నుండును.

ధ్వని: పింజరి కోపించినపుడు చుట్టచుట్టుకొని కమ్మరి కొలిమితిత్తివలె బిగ్గరగ బుసకొట్టును. పూడుపాము చాలవరకు నిశ్శబ్దముగ ఇసుకలో దూరజూచును.

మరియొక విషపు పాము చిన్న పింజరి. ఇది పొడి నేలలను, రాళ్లను, ముళ్లపొదలను ఆశ్రయించును. పొడవు అడుగు, అడుగున్నర. తలమీద బాణపు మొనవంటి తెల్లని గుర్తుండును. ఒడలిని మెలికలు చుట్టి ప్రక్క పొలుసులను ఒకదానితో నొకటి రాచి రంపము కోసినట్టి చప్పుడు చేయును. చిన్నది గదాయని దీనిని అలక్ష్యము చేయరాదు.

ఈ గుర్తులన్నియు దూరమునుండి చూచుటకే గాని పామును పట్టుటకు గాదు. గుర్తులు నేర్చితిమను ధైర్యముతో చేయి చాచుటకంటె, నేర్వక దూరముగ నుండుటయే మేలు. పూడుపామని నూటికి నూరుపాళ్లు నమ్మినను చేతబట్టరాదు. అనుమానము కలిగిన ఏ పామునైనను పింజరిగనే ఎంచి ప్రక్కకు తొలగవలెను. చంపబోయినవారే తరుచు కాటునకు లోనగుదురు. పాము చావకుండ కర్ర విరుగకుండ అను సామెతను మనము ఎత్తిపొడుపుగ వాడుదుము గాని, తోటలో పాము ఎదురైనపుడు అంతకన్న మంచి నీతి లేదు.

ఉద్దానమున ఈ కాటు మరింత అపాయము

పింజరి విషము నెత్తురుమీద పనిచేయును. నెత్తురు గడ్డకట్టు శక్తిని హరించును. చిగుళ్లనుండి, మూత్రమునందు, కాటుపడిన చోటనుండి నెత్తురు కారును. అటుపిమ్మట మూత్రపిండములను దెబ్బతీయును. మూత్రము తగ్గిపోయి, ముఖము ఉబ్బి, రోగికి రక్తశుద్ధి యంత్రము తప్పనిసరియగుట పింజరి కాటులలో చాల సాధారణము.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధిని గూర్చి ఈ పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. 1990వ దశకమునుండి వైద్యుల దృష్టికి వచ్చిన ఆ వ్యాధి ఎన్ని ఇండ్లను కూల్చెనో మీకే తెలియును. ఎందరో పరిశోధించినను దానికి ఒకే కారణమని ఇంకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ఆరంభమైనవి. ఆ వ్యాధికిని పాములకును ఏ సంబంధమును లేదు. ఎవరైన అట్లు చెప్పినచో నమ్మరాదు. అయినను ఇదివరకే బలహీనపడిన మూత్రపిండములు గల మనుష్యుని పింజరి కరచినచో, ఆరోగ్యవంతుడు ఓర్చుకొనగల దెబ్బను అతడు ఓర్చుకొనజాలడు. తనకు వ్యాధి గలదని ఎరుగని వాడు మరింత అపాయములో నుండును. కాబట్టి ఇతర ప్రాంతములలో ఒక గంట ఆలస్యమెంత చెరుపు చేయునో, ఉద్దానమున అంతకు మించి చెరుపు చేయును.

దేశము మొత్తము సంగతి చూతము. 2000 నుండి 2019 వరకు గల ఇరువది సంవత్సరములలో పాముకాటు వలన భారతదేశమున సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58 వేలమంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. వారిలో అత్యధికులు పల్లెవారు. ఈ మరణములలో నూటికి 70 వంతులు ఎనిమిది రాష్ట్రములలోనే జరిగినవి; వానిలో ఆంధ్రదేశమును, పొరుగున నున్న ఒడిషాయు కలవు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణదేశ వ్యాధుల పట్టికలో చేర్చెను. 2024లో భారతప్రభుత్వము 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించు సంకల్పముతో జాతీయ కార్యప్రణాళికను ప్రకటించెను. ప్రణాళిక ఢిల్లీలో వ్రాయబడినను నెరవేరవలసినది మన జీడితోటలలోను, కళ్లములలోను గదా.

తోటలో తీసికొనవలసిన జాగ్రత్తలు

మార్చి మొదలు మే వరకు జీడిపిక్కలు ఏరు కాలము. తెల్లవారుజాముననే స్త్రీలు, పిల్లలు చెట్లక్రింద వంగి ఆకులలో చేతులు పెట్టి పిక్కలు ఏరుదురు. ఇదే పింజరి పిల్లలను కను కాలమునకును సమీపము. ఒక ఈతలో ఇరువది, ముప్పది పిల్లలు పుట్టుట సామాన్యము. పుట్టిననాటినుండియు వానికి విషము కలదు. కావున ముందు కొంకికర్రతో ఆకులను కదల్చి, ఒక నిమిషము ఆగి, ఆ తరువాతనే చేయి పెట్టవలెను. పూతకు ముందుగనే చెట్టు మొదట చుట్టును ఊడ్చి ఆకులను ఒక చోట గుంటలో వేసి ఎరువు చేసికొనినచో పిక్కలు ఏరుటయు సుళువగును, పాము దాగుటకు చోటును తగ్గును.

కొబ్బరి కమ్మలు, డొక్కలు, పిడకలు, వంటచెరకు ఇంటి గోడకు ఆనించి కుప్పవేయరాదు. కుప్ప ఎలుకను పిలుచును, ఎలుక పామును పిలుచును. 2018 అక్టోబరు 11వ తేదీన తీరమును దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిని నేలకూల్చినపుడు చూచితిమి, ఎంత చెత్త ఒక్క రాత్రిలో పోగగునో. తుపానుల తరువాత అట్టి కుప్పలను తొలగించువారు మోకాళ్లవరకు బూట్లు, చేతులకు తొడుగులు ధరించి, దుంగను తమవైపునకు గాక అవతలివైపునకు దొర్లింపవలెను.

రాత్రివేళ నీరు కట్టుటకు పోవువారు టార్చిలైటు, చెప్పులు, కర్ర లేకుండ పోరాదు. నడచునపుడు కర్రతో నేలను తట్టినచో ఆ అదురునకు పాము తొలగిపోవును. నేలమీద పండుకొనక మంచముమీద పండుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపవలెను. నవంబరు, డిసెంబరు మాసములలో వరికోతలయందు పనను ఎత్తుటకు ముందు కొడవలి మొనతో కదల్చి చూడవలెను.

ఎలుకల మందును విచ్చలవిడిగ చల్లరాదు. మందుతిన్న ఎలుకను తిన్న పాము, గుడ్లగూబ కూడ చచ్చుట కద్దు. అవి చచ్చినచో వచ్చు పంటకు ఎలుకలు మరల పెరుగును, మందు ఖర్చు మరల తప్పదు.

కాటు పడినచో

ఏ పాము కరచినదో తెలియని యెడల విషపు పామే కరచినదని ఎంచి నడువవలెను. పూడుపామే గదాయని ఇంట కూర్చుండరాదు. రోగికి ధైర్యము చెప్పవలెను. ఉంగరములు, గాజులు, కడియములు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయవలెను. కాటుపడిన కాలునుగాని చేతినిగాని కదలకుండ బద్దకట్టి, రోగిని నడిపింపక మోసికొనిపోవలెను. కాటుపడిన వేళను గుర్తుంచుకొనవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. బండి రాలేని ఇసుకదారియైనచో మోటారుసైకిలుమీద ముందొకరు, వెనుకనొకరు కూర్చుండి రోగిని నడుమ నిలిపి పట్టుకొని పోవచ్చును.

చేయగూడని పనులు: తాడు బిగించి కట్టరాదు, పింజరి కాటుకు తాడు కట్టినచో ఆ అవయవమే కుళ్లిపోవచ్చును. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, ఆకుపసరులు పూయరాదు. పామును వెదకి పట్టి ఆసుపత్రికి తీసికొనిపోనక్కరలేదు. మంత్రగానివద్ద కాలము గడపరాదు. మంత్రముచే బ్రదికినవారని చెప్పుకొనబడువారు పెక్కుమంది నిర్విషపు పాము కరచినవారే. పూడుపాము కాటును దించినవాడు పింజరి కాటును దించలేడు. ఆ సంగతి తెలియునప్పటికి గంటలు గడచిపోవును.

ఆసుపత్రిలో వైద్యులు కొంచెము నెత్తురును గాజుగొట్టములో తీసి 20 నిమిషములు కదల్పక యుంచి గడ్డకట్టినదో లేదో చూతురు. గడ్డకట్టనిచో పింజరి విషమెక్కినదని గ్రహించి విషవిరుగుడు మందును నరములోనికి ఎక్కింతురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికిని ఒకటే మందు, ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. రోగికి ఇదివరకే మూత్రపిండముల వ్యాధి యున్నచో, లేక ఇంటిలో ఎవరికైన నున్నచో, ఆ మాటను వైద్యునితో మొట్టమొదటనే చెప్పవలెను. మూత్రము ఎంత వచ్చుచున్నదో, ఏ రంగున నున్నదో కనిపెట్టి యుండవలెను.

ఒక సహకార సంఘపు దృష్టాంతము

ఆ మందు ఎట్లు తయారగునో తెలిసినచో సహకార సభ్యులకు సంతోషము కలుగును. పాముల విషమును కొంచెము కొంచెముగ గుఱ్ఱములకు ఎక్కించి, వాని నెత్తురున పుట్టు విరుగుడు శక్తిని వేరుచేసి మందుగ తయారుచేయుదురు. అందులకు కావలసిన విషములో చాలభాగమును చిరకాలముగ సమకూర్చుచు వచ్చినది మద్రాసు సమీపమున వడనెమ్మేలిలోని ఇరుళవారి సహకార సంఘము.

ఇరుళవారు పాములు పట్టుటలో తరతరముల నేర్పు గలవారు. ఒకప్పుడు పాముల చర్మములను వ్యాపారులకమ్మి జీవించిరి. 1972 చట్టముతో ఆ వ్యాపారము ఆగిపోగా జీవనోపాధి పోయెను. 1978లో రోములస్ విటేకర్ అను పాముల శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో వారు పారిశ్రామిక సహకార సంఘముగ ఏర్పడిరి. ప్రభుత్వపు అనుమతితో పామును పట్టి, కొద్ది వారములు కుండలలో నుంచి, విషము తీసి, కడుపు పొలుసుమీద గుర్తుపెట్టి, తిరిగి అడవిలో విడిచిపెట్టుదురు. గుర్తున్న పాము మరల దొరికినచో పట్టరు. చంపి అమ్మినపుడు పాము ఒక్కసారియే కూడు పెట్టెను. బ్రతుకనిచ్చినపుడు మనుష్యుని ప్రాణము నిలిపి మరల మరల కూడు పెట్టుచున్నది. పడమటి తీరపు పూడుపాము జాతి యొకదానికి 1991లో విటేకర్ పేరు పెట్టబడినది.

చదువులేని నిరుపేదలు సంఘముగ కూడి దేశమునకంతటికిని ఇంత మేలు చేయగలిగినపుడు, భూమియు, తోటయు గల మన సంఘములు తమ సభ్యుల ప్రాణములకై కొంత చేయలేవా?

మన సంఘములు చేయదగిన పనులు

పెద్ద ధనము కావలసిన పనులు కావు. మోకాళ్లవరకు వచ్చు బూట్లు, చేతి తొడుగులు, టార్చిలైట్లు సంఘము పేర టోకుగ కొని సభ్యులకు వాయిదాలపై ఇయ్యవచ్చును. కార్యదర్శి జీడిపిక్కల కాలమునకు ముందొకసారి, వానకాలమునకు ముందొకసారి టెక్కలి, పలాస, సోంపేట ప్రభుత్వాసుపత్రులలో తమకు సమీపమైనదానికి పోయి విషవిరుగుడు మందు నిల్వ యున్నదో విచారించి, ఆ సంగతిని సంఘపు గోడమీద వ్రాయింపవలెను. రాత్రివేళ పిలిచిన వచ్చుటకు ఒప్పుకొనిన మోటారుసైకిలువారి పేర్లు, వంతులు అచ్చటనే వ్రాయవలెను. ఇంటిలోనికి పాము వచ్చినచో అటవీశాఖవారికిగాని, శిక్షణపొందిన పాములు పట్టువారికిగాని తెలుపు ఏర్పాటుండవలెను. రెండు తలల పామును కొందుమని వచ్చు దళారులను ఊరిలో అడుగిడనీయమని సర్వసభ్య సమావేశమున తీర్మానము చేయవలెను.

బడిపిల్లలకు పింజరి, పూడుపాముల చిత్రములను ప్రక్కప్రక్కన గీచి చూపుట ఉపాధ్యాయులకు ఒక గంట పని. జీడితోటలో ముందుగ పరుగెత్తు కాళ్లు పిల్లలవే గనుక ఆ గంట వృథ కానేరదు.

ఇసుక మనది, తోట మనది. ఇసుక లోపల మనకంటె ముందునుండియు కాపురమున్న ఈ చిన్న ప్రాణులు కౌలు అడుగవు, కూలి అడుగవు. ఎలుకను, చెదను తిని తమ దారిన పోవును. వానిని వాని పనికి విడిచి, పింజరికి దారి విడిచి, కాటుపడినవానిని క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చినచో, ఉద్దానమున పోగూడని ప్రాణములు పోకుండ నిలుపుకొనగలము.